మూడు పేర్ల సీడీ రైటర్

“నువ్వు మా మనిషివా, వాళ్ల మనిషివా? ముందు అది చెప్పు అమ్మాయ్.”

గురవయ్య ఈ మాట అడిగింది కొత్తమాసు సుప్రజని. అడిగిన చోటు నరసరావుపేట పల్నాడు రోడ్డులో ఆవిడ డీటీపీ షాపు. రెండువేల ఒకటిలో పంచాయతీ ఎన్నికలు దగ్గరపడుతున్న రోజులవి. పేటకి పది మైళ్ల అవతల ఒక ఊళ్లో ఆయన సర్పంచ్‌గా నిలబడుతున్నాడు. ఆ ఊళ్లో టీ తాగాలన్నా ఏ వర్గం కొట్టో చూసుకుని తాగుతారు. అలాంటి ఊరి మనిషి తన ఫొటో ఒకరి చేతిలో పెట్టేముందు ఆ ప్రశ్న అడగడంలో వింతేమీ లేదు.

“నేను గంటకి నలభై రూపాయల మనిషిని బాబాయ్,” అంది సుప్రజ, మౌస్ మీద చెయ్యి తియ్యకుండా. “ఫొటో ఇటివ్వండి. నవ్వుతూ దిగింది లేదా?”

“నవ్వితే ఓట్లేస్తారంటావా?”

“నవ్వకపోతే భయపడి వేస్తారు. ఏది కావాలో మీరే చెప్పండి.”

గురవయ్యకి నవ్వొచ్చింది. ఫొటో ఇచ్చాడు.

ఆవిడ చెప్పినదాంట్లో అబద్ధం లేదు. కాకపోతే మొత్తం నిజమూ లేదు. సుప్రజ షాపు మూలమీద ఉంది. పల్నాడు రోడ్డు వైపు ఒక తలుపు, పక్క సందులోకి ఇంకో తలుపు. రోడ్డు తలుపు మీద ‘సుప్రజ డీటీపీ’ అని బోర్డు. సందు తలుపు మీద ‘శ్రీవల్లి గ్రాఫిక్స్’ అని ఇంకో బోర్డు. శ్రీవల్లి అప్పటికింకా బడిలో వెయ్యని ఆవిడ కూతురు. రెండింటి మధ్య ఒక ప్లైవుడ్ అడ్డు, ఆ అడ్డు వెనక రెండు షాపులకీ కలిపి ఒకటే కంప్యూటర్. సందులో స్టూలు వేసుకుని కూర్చునేది అత్తగారు సుందరమ్మ. గురవయ్య మీద పోటీ చేస్తున్న వెంకటప్పయ్య మనుషులు వచ్చేది ఆ తలుపునే. సుందరమ్మ కాగితాలు పుచ్చుకుని “మా గ్రాఫిక్స్ వాళ్లకి ఇచ్చొస్తా” అని లోపలికి పోయి, కోడలి ముందు పడేసి వచ్చేది.

దీన్ని మోసం అనేవాళ్లు పేటలో వ్యాపారం చేసి ఎరగరు. గడప దగ్గర ఎదుటివాడి చెప్పులు కనబడితే వెనక్కి తిరిగిపోయే మనుషులు ఖాతాదార్లుగా ఉన్నప్పుడు, రెండో గడప పెట్టడం మర్యాద. సుప్రజ బీకాం చదివింది. సత్తెనపల్లిలో ఎరువుల కంపెనీకి లెక్కలు రాసే మనిషిని చేసుకుంది. పెళ్లయ్యాక ఇనిస్టిట్యూట్‌లో చేరి పేజ్‌మేకర్, ఫొటోషాప్ నేర్చుకుంది. చాన్నాళ్ల తర్వాత ఒక పేపర్ మహిళా పేజీ వాళ్లు వచ్చి ‘సంకల్పబలానికి నిలువుటద్దం’ అని హెడ్డింగు పెట్టి ఆవిడ ఫొటో వేస్తే, “సంకల్పబలమేంది, కరెంటు బిల్లు కట్టాలిగా” అని ఆ పేపర్లో మిరపకాయ బజ్జీలు చుట్టి పక్కింటికి పంపింది.

అసలు ఇబ్బంది ఫ్లాపీలతో వచ్చింది. పాంప్లెట్ అయితే ఒక ఫ్లాపీలో పట్టుద్ది. రంగుల పోస్టర్, అందులో మనిషి నిలువెత్తు ఫొటో అంటే పట్టదు. ఫైలుని ముక్కలు ముక్కలుగా కోసి, ఫ్లాపీకొక ముక్క ఎక్కించి, అన్నిటికీ నంబర్లేసి, ఒక సంచీలో గుంటూరు ఆఫ్‌సెట్ ప్రెస్సుకి పంపేది. అక్కడ కంప్యూటర్ మీద కూర్చునే కృపాదానం వాటిని వరసగా పెట్టి మళ్లీ ఒక్కటి చేసుకునేవాడు. అందులో ఒక్క ఫ్లాపీ చదవనని మొండికేస్తే మిగతావన్నీ దండగే. గురవయ్య మొదటి పోస్టర్‌కి అదే జరిగింది. సంచీ తీసుకెళ్లిన మనిషి మళ్లీ బస్సెక్కి పేటకి వచ్చి, కొత్త ఫ్లాపీ పట్టుకుని పోయేసరికి ప్రెస్సులో వాళ్ల వంతు దాటిపోయింది. ఈలోపు వెంకటప్పయ్య పాంప్లెట్లు ఊళ్లో గోడలన్నిటికీ ఎక్కాయి.

“ఇంకోసారి ఇట్టా అయితే నేను గుంటూరులోనే చేయించుకుంటా,” అన్నాడు గురవయ్య. “నా పని ఒక్కటే గాదు. మా మండలంలో మావాళ్లు నిలబడ్డ ఊళ్లన్నీ నా వెంటే వస్తయ్.”

ఎన్నికల పనులు పోతే ఆ యేడు షాపు అద్దె లేచే దారి లేదు. పెళ్లికార్డుల మీద ఇల్లు గడుస్తుందిగానీ షాపు గడవదు. సుప్రజ ఆ పూటే తేల్చుకుంది, సీడీ రైటర్ కొనాలని. ఒక్క డిస్కు మీద ఇలాంటి పోస్టర్లు పదైనా పడతాయి. కొయ్యక్కర్లేదు, అతికించక్కర్లేదు. పేటలో అప్పటికి ఏ డీటీపీ షాపులోనూ అది లేదు.

డబ్బు సుందరమ్మ దగ్గర ఉంది. చీటీ పాడుకున్న ఏడువేలు.

“ఏమే, పళ్లెం బయటికి చాపుద్ది, లోపలికి లాక్కుంటది, అంతేగా?” అంది సుందరమ్మ. “దానికా నా చీటీ?”

“మొన్న మీ చెల్లెలికి పట్టుచీర పెట్టారుగా అత్తయ్యా. అదేం రాసి పెట్టింది?”

“చీర చీరే. సరే ఇస్తా. ఆ మిషను పనిచెయ్యకపోతే మాత్రం నీ కంప్యూటర్ అమ్మి నా ఏడువేలు నాకు పడెయ్యాల. తర్వాత ఇంట్లో కూర్చుని శనగలు వేయించుకో.”

“అట్టాగే.”

సుప్రజ మాటకి మాట అప్పజెప్పిందిగానీ, అత్తగారు ఉత్తినే అనలేదని ఆవిడకి తెలుసు. సుందరమ్మ అన్నంత పనీ చేసే మనిషి. కంప్యూటర్ పోతే షాపు పోయినట్టే.

గుంటూరు అరండల్‌పేటలో వసీం అనే కుర్రాడి కంప్యూటర్ షాపు. మాటకారి. వచ్చిన మనిషి చెప్పుల్ని బట్టి ధర చెప్పగలడని పేరు. సుప్రజ అడగ్గానే మూడు డబ్బాలు తీసి బల్ల మీద వరసగా పెట్టాడు. మొదటిది నీలం డబ్బా, పేరు కిమోరా, తొమ్మిదివేల ఐదొందలు. రెండోది ఆల్‌విస్టా, ఏడువేల ఎనిమిదొందలు. మూడోది త్రిశూల్, అట్ట కూడా పల్చనిది, ఐదువేల తొమ్మిదొందలు.

“కిమోరా తీసుకోండి మేడమ్. జపాన్ సరుకు. కళ్లు మూసుకుని వాడుకోవచ్చు.”

“కళ్లు మూసుకుని వాడేదాన్నయితే ఇంతదూరం ఎందుకొస్తా? డబ్బాలు విప్పు.”

“సీలు తీస్తే మళ్లీ ఎవరు కొంటారు మేడమ్?”

“నేను కొంటా. ఏదో ఒకటి కొనకుండా ఇక్కణ్ణించి లేవను. చాలా?”

వసీం విప్పాడు. మూడు డ్రైవుల్నీ సుప్రజ పక్కపక్కన పెట్టింది. మొహాలు వేరు. ఒకదాని ముందు పలక తెలుపు, ఒకదానిది బూడిదరంగు, ఒకదాని మీద పేరు మెరుస్తోంది. ఆవిడ మూడింటినీ బోర్లా తిప్పింది. ఇనప పొట్టల మీద ఒకే అచ్చు. స్క్రూలు ఒకే చోట. పళ్లెం ఇరుక్కుపోతే పిన్ను గుచ్చి లాగే సన్న చిల్లు, మీటకి అంతే దూరంలో, మూడింటికీ. పైన అంటించిన చీటీలో పేర్లు వేరుగా ఉన్నా, కింద చిన్న అక్షరాల్లో ఉన్న ఫ్యాక్టరీ నంబరు మొదలు మూడింటికీ ఒకటే. తయారైన దేశమూ ఒకటే. అది జపాన్ కాదు.

“పుట్టిల్లు ఒకటే,” అంది సుప్రజ. “అత్తారిళ్లే వేరు.”

వసీం తల గోక్కున్నాడు. ఆ సంగతి అతనికి తెలియక కాదు. అడగందే ఎందుకు చెప్పాలి? పెద్ద ఫ్యాక్టరీ ఒకటి డ్రైవులు చేసి పేరు లేకుండా అమ్ముద్ది, కొన్నవాళ్లు తలో పేరు అంటించి తలో రేటు పెడతారు. కంప్యూటర్ల గురించి చదువుకున్న ఇంజినీర్లు కూడా నీలం డబ్బాకి చెయ్యి చాపేవాళ్లే. ఒక కంప్యూటర్‌కి రెండు బోర్డులు కట్టి, ఒకే పనిని రెండు గుమ్మాల్లో అమ్ముతున్న మనిషికి మాత్రం ఇందులో ఆశ్చర్యపడటానికేముంది?

“సరే మేడమ్, మీకు తెలిసినట్టే ఉంది. ఇంకో మాట కూడా చెప్తా,” అన్నాడు వసీం గొంతు తగ్గించి. “త్రిశూల్ వాళ్లు నెలకొక చోట కొంటారు. పోయిన నెల లాటు వేరు, ఈ నెల లాటు వేరు. పేరు చూసి కొంటే ఏది తగుల్తదో చెప్పలేం.”

“అయితే నీ దగ్గరున్న త్రిశూళ్లన్నీ విప్పు.”

“యా అల్లా!”

మొత్తం నాలుగున్నాయి. బోర్లా తిప్పితే రెండిటి పొట్టలు ఇందాకటి మాదిరే ఉన్నాయి, రెండు వేరేగా ఉన్నాయి. పేరు ఒకటే, లోపలి సరుకు వేరు. వేరేగా ఉన్న రెండింటినీ సుప్రజ పక్కకి నెట్టింది.

మిగిలింది ఒకటే అనుమానం. కిమోరా డబ్బా మీద ఒక ఎర్ర స్టిక్కర్ ఉంది. డిస్కు మీద రాస్తున్నప్పుడు కంప్యూటర్ తడబడితే మామూలు రైటర్లలో ఆ డిస్కు అక్కడికక్కడే పాడైపోద్ది, ఇంక టీ గ్లాసు కింద పెట్టుకోడానికి తప్ప పనికిరాదు. ఇది మాత్రం ఆగి, కంప్యూటర్ తేరుకున్నాక ఆపినచోటి నుంచే మళ్లీ అందుకుంటుందని ఆ స్టిక్కర్‌లో రాసుంది. సుప్రజది పాత కంప్యూటర్, పెద్ద ఫొటో తెరిస్తేనే ఆయాసపడుతుంది. ఆ సదుపాయం లేకపోతే ఆవిడకి రోజుకో డిస్కు గోవిందా. త్రిశూల్ డబ్బా మీద స్టిక్కర్ లేదు. వసీంని అడిగితే “డబ్బా మీద లేనిది నేను ఉందని చెప్పలేను” అన్నాడు. అది నిజాయితీయో, కిమోరా అమ్ముకునే ఉపాయమో తేల్చడం కష్టం.

“పొట్ట ఒకటైనప్పుడు గుణం వేరెందుకు ఉంటది?” అంది సుప్రజ. “నీ కంప్యూటర్‌కి త్రిశూల్ తగిలించు. డిస్కు రాయి. రాస్తుండగా నేను దాన్ని సతాయిస్తా. డిస్కు చెడితే డిస్కు డబ్బులూ ఇస్తా, ఆ నీలం డబ్బానే కొంటా. చెడకపోతే త్రిశూల్ ఐదున్నరకిచ్చి, పది ఖాళీ డిస్కులు ఊరికే ఇవ్వాల.”

“ఐదు డిస్కులు.”

“ఎనిమిది.”

వసీం తలూపాడు. కిమోరా కొనడానికి సుప్రజ దగ్గర రెండున్నర వేలు తక్కువ. ఆ సంగతి ఆవిడ మొహంలో ఎక్కడా కనబడలేదు.

త్రిశూల్ తగిలించగానే స్క్రీన్ మీద దాని పేరు త్రిశూల్ అని రాలేదు. ఫ్యాక్టరీ పేరు వచ్చింది. సుప్రజ వసీం వంక చూసింది. వసీం సీలింగ్ ఫ్యాన్ వంక చూశాడు. డిస్కు తిరగడం మొదలైంది, ముందు దీపం వెలిగింది. కాసేపు ఆగి ఆవిడ ఫొటోషాప్ తెరిచి, అతని కంప్యూటర్లో ఉన్న పెద్ద పెద్ద ఫొటోలన్నీ ఒకదాని మీద ఒకటి తెరవడం మొదలుపెట్టింది. స్క్రీన్ బిగుసుకుపోయింది. మౌస్ బాణం కదల్లేదు. డ్రైవు దీపం ఆరిపోయింది.

“పాయె,” అన్నాడు వసీం, నీలం డబ్బా మీద చెయ్యేసి.

సుప్రజ హ్యాండ్‌బ్యాగ్ జిప్పు గట్టిగా పట్టుకుంది. అందులో అత్తగారి చీటీ డబ్బుంది, అంటే షాపుంది. ఒకసారి లోపల గరగరమంది. దీపం మళ్లీ వెలిగింది. బిగుసుకున్న స్క్రీన్ ఊపిరి తీసుకుంది. చివరికి పళ్లెం బయటికొచ్చి డిస్కు చేతికిచ్చింది. పక్క కంప్యూటర్లో పెట్టి చూస్తే ఫైళ్లన్నీ క్షేమం.

“ఎనిమిది డిస్కులు కవర్లో వెయ్యి,” అంది సుప్రజ.

“మీదే ఊరు మేడమ్?”

“పేట.”

“అనుకున్నా.”

అంత లెక్కగా కొన్న మనిషి మూడోనాడు ఒక తప్పు చేసింది. ఫ్లాపీల కరువులో పెరిగిన చెయ్యి ఆవిడది. ఖాళీ చోటు వదిలేస్తే అన్నం పారబోసినట్టుండేది. గురవయ్య ఉంగరం గుర్తు పోస్టర్ డిస్కులో ఒక మూలకి కూడా చాలలేదు. వెంకటప్పయ్య కత్తెర గుర్తు పోస్టర్ కూడా అదే ప్రెస్సుకి పోవాలి. ఇంకో డిస్కు ఎందుకు దండగ? ‘ఉంగరం’ అని ఒక ఫోల్డర్, ‘కత్తెర’ అని ఒక ఫోల్డర్ పెట్టి ఒకే డిస్కు మీద రాసేసింది. తీసుకెళ్లేది ఎప్పుడూ వచ్చే బస్సు మనిషే అనుకుంది. ఆ రోజు గురవయ్య తనే జీపేసుకుని వచ్చి డిస్కు పట్టుకుపోయాడు. పోయినసారి దెబ్బ తిన్నాడుగా, ఈసారి కృపాదానం వెనకాల నిలబడి మరీ చూసుకుందామనుకున్నాడు.

మధ్యాహ్నానికి గుంటూరు నుంచి ఫోన్.

“అమ్మా, నేను కృపాదానాన్ని. డిస్కు బ్రహ్మాండంగా తెరుచుకుంది.”

“మరింకేంది అన్నా?”

“అదే వచ్చిన చిక్కు. రెండూ తెరుచుకున్నయ్. పెద్దాయన చూశాడు. మీ దగ్గరకే బయల్దేరాడు. నేను మాత్రం నోరెత్తలేదు.”

సుప్రజ ఫోన్ పెట్టేసి కుర్చీలో వెనక్కి ఆనుకుంది. అత్తగారికి చెప్పింది. సుందరమ్మ స్టూలు మీద నుంచి లేచి సందు తలుపు గడియ పెట్టొచ్చింది. “చెప్పానా? పళ్లెం చాపే మిషను కొంపలు ముంచుద్దని చెప్పానా?”

“మిషను బాగానే ఉంది అత్తయ్యా. ముంచింది నేనే.”

గురవయ్య వచ్చేటప్పటికి చేతిలో రెండు పోస్టర్ల నమూనాలున్నాయి. బల్ల మీద పరిచాడు. ఆయన కోపం వెంకటప్పయ్య పని చేసిపెట్టినందుకు కూడా కాదు. రెండు పోస్టర్లకీ అంచు ఒకటే, అక్షరాల వంపు ఒకటే, వెనక ఉదయిస్తున్న సూర్యుడూ ఒకటే. ఈయనకి పసుపు, ఆయనకి ఆకుపచ్చ. ఈయన చేతులు జోడించి ఉంటే ఆయన చెయ్యి ఊపుతున్నాడు.

“నా పోస్టరుకే రంగు మార్చి వాడికి అమ్మావా?”

“వాళ్లది ముందు చేశా బాబాయ్. మీకే రంగు మార్చా.”

సుందరమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది, ఏడుపో నవ్వో తెలియలేదు. గురవయ్య కాసేపు పోస్టర్ల వంకే చూశాడు. చూడగా చూడగా ఆయనకి ఒక సంగతి తట్టింది. వెంకటప్పయ్య ఇచ్చిన హామీలన్నీ అచ్చులో ఆయన కళ్ల ముందే ఉన్నాయి. ఇంకా ఊళ్లో ఎవరూ చూడలేదు. గొంతు మారింది.

“పోనీలే అమ్మాయ్. ఒక పని చెయ్యి. వాడు బోరు ఒకటి వేయిస్తానన్నాడు, నాది రెండు అని మార్చు. వాడు బడికి గోడ అన్నాడు, నాది గోడా గేటూ అని పెట్టు. ఈ సంగతి వాడికి చెప్పమాక. రెండువేలు ఎక్కువిస్తా.”

రెండువేలంటే ఆ రోజుల్లో షాపు అద్దె కంటే ఎక్కువ. సుందరమ్మ కోడలి వంక చూసి కళ్లతోనే ‘పుచ్చుకో’ అంది.

“వద్దు బాబాయ్,” అంది సుప్రజ. “ఆ రెండువేలు తీసుకుంటే ఐదేళ్లూ మీ మనిషినై ఉండాల. గంటకి నలభై చొప్పున లెక్కేసుకోండి, మీకు గిట్టదు.”

ఆయన ఎదురుగానే ఫోన్ తీసి వెంకటప్పయ్యకి కలిపింది. “బాబాయ్, పేట నుంచి సుప్రజని. శ్రీవల్లి గ్రాఫిక్స్ కూడా నేనే. మీ పోస్టర్ గురవయ్య గారు చూశారు. తప్పు నాది. మీరేమన్నా మార్చుకోవాలంటే ఇప్పుడే రండి, డబ్బులొద్దు. గురవయ్య గారికీ అంతే. ఇద్దరికీ అంచులూ సూర్యుడూ మార్చి, విడివిడి డిస్కులు ఇస్తా.”

అవతల నుంచి వచ్చిన తిట్లు బల్ల ఇవతల గురవయ్యకి కూడా వినబడ్డాయి. ఆవిడ రిసీవర్ కొంచెం దూరంగా పెట్టుకుని, తిట్లు అయిపోయాక మళ్లీ చెవి దగ్గర పెట్టుకుంది.

“నిజమే బాబాయ్. మీరు గుంటూరులో చేయించుకోవచ్చు. అక్కడ డీటీపీ షాపుల్లో ఈ వారం ఎవరికీ ఖాళీ లేదు. పేటలో మిగతావాళ్లు ఇంకా ఫ్లాపీలు కోస్తన్నారు. సాయంత్రానికి పోస్టర్ ప్రెస్సుకి చేరాలంటే రైటర్ ఉన్నది నా దగ్గరే. సందులోకి రాబాకండి, రోడ్డు తలుపునే రండి.”

వెంకటప్పయ్య వచ్చాడు. రోడ్డు తలుపునే వచ్చాడు. గురవయ్య జీపు ఇంకా అక్కడే ఉంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోకుండా, ఒకే బల్లకి రెండు వైపులా కూర్చున్నారు. మధ్యలో సుప్రజ. సుందరమ్మ ఇద్దరికీ టీ ఇచ్చింది, ఒకే ఫ్లాస్కులోంచి. వెంకటప్పయ్య బోర్లు రెండు చేశాడు. గురవయ్య మూడు చేశాడు. వెంకటప్పయ్య మళ్లీ నోరు తెరవబోతే సుప్రజ మౌస్ వదిలేసి, “మీ ఊళ్లో నీళ్లు అన్ని లేవు, ఇంక చాలు” అంది. రెండు డిస్కులు రాసింది. ఒకదాని మీద ఉంగరం, ఒకదాని మీద కత్తెర స్కెచ్ పెన్నుతో గీసి ఎవరిది వాళ్ల చేతిలో పెట్టింది. ఈసారి అందులో మిగిలిన ఖాళీ చూసి బాధపడలేదు.

ఆ వారంలోనే ‘శ్రీవల్లి గ్రాఫిక్స్’ బోర్డు దిగిపోయింది, ప్లైవుడ్ అడ్డు వెనక గోడకి బీరువా అయింది. చుట్టుపక్కల మండలాల నుంచి ఎవరు వచ్చినా, ఏ వర్గం వాళ్లయినా, ఒకటే తలుపు. చెప్పులు కలిసిపోయేవి. ఒకసారి ఎవరి చెప్పులో ఎవరో వేసుకుపోయారని గొడవైంది తప్ప ఇంకే గొడవా జరగలేదు. దసరాకి ముందే సుందరమ్మ ఏడువేలు ఆవిడకి ముట్టాయి. దాంతో ఇంకో చీటీ వేసి, తర్వాత తనే “ఆ మిషను ఇంకోటి కొనగూడదటే” అని అడిగింది.

ఇప్పుడు అదే మూలమీద సుప్రజకి ఫ్లెక్సీ మిషనుంది. ఫైళ్లు ఫోన్లో వస్తాయి, డిస్కు అడిగే నాథుడు లేడు. త్రిశూల్ డ్రైవు బీరువా మీద ఉంది, మీట నొక్కితే పళ్లెం ఇంకా చాపుతుంది. ఆ పేరున్న కంపెనీ ఎప్పుడో లేకుండా పోయింది. కిమోరా కూడా లేదు. బంధువుల పిల్లలు ల్యాప్‌టాప్ కొనేముందు ఆవిడకి చూపిస్తారు. ఆవిడ మూత మీద పేరు చదవదు, ముందు బోర్లా తిప్పుతుంది.

ఆ ఎన్నికల్లో కత్తెర గెలిచింది, పాతిక ఓట్ల తేడాతో. ఓడిపోయిన గురవయ్య లెక్కింపుకి ముందురోజే బిల్లు మొత్తం కట్టేశాడు. సర్పంచ్ అయిన వెంకటప్పయ్య పోస్టర్ల తాలూకు పదకొండొందల యాభై రూపాయలు ఇంకా ఇవ్వాలి.